మేలుకొలుపు విన్న టేపు రికార్డరు

నేను ఒక టేపు రికార్డరును. ఇంట్లో బల్లమీద పెట్టుకుని సినిమా పాటలు వినే రకాన్ని కాదు. సినిమా తీసేవాళ్ళు భుజాన తగిలించుకుని ఊళ్ళు తిరిగే రకాన్ని. పసిపిల్లంత బరువు, తోలు సంచీ, పైన అద్దంలాంటి మూత, దాని కింద పక్కపక్కనే తిరిగే రెండు చక్రాలు. ఒక చక్రం మీది ఖాళీ టేపు రెండో చక్రానికి చుట్టుకునే లోపల చుట్టుపక్కల చప్పుడంతా దానిమీద పడిపోతుంది. నాకు కళ్ళు లేవు. చెవి ఒక్కటే ఉంది, అదీ పొడుగాటి తీగ చివర మైకు రూపంలో. అందుచేత నేను చెప్పబోయే మనుషులు పొడుగో పొట్టో నన్నడిగి లాభం లేదు. ఎవరి గొంతులో ఏముందో మాత్రం చెప్పగలను. మీట నొక్కకపోయినా నేను వింటూనే ఉంటాను. కాకపోతే అలా విన్నది దాచి మళ్ళీ వినిపించలేను, అంతే తేడా.

నేను పుట్టింది గడియారాలకు పేరుపడ్డ ఒక చలిదేశంలో. నన్ను బిగించిన ముసలాయన ఒక్కొక్క మరా తిప్పుతూ ఏదో గొణుక్కునేవాడు. అంతా అయ్యాక నన్ను పరీక్ష చేద్దామని మైకు ముందు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆయనకు దగ్గొచ్చింది. అలా నా జీవితంలో మొదటి రికార్డింగు ఒక దగ్గు. దాన్ని తిరిగి వినిపిస్తే ఆయన ఎంతో సంతోషించాడు. తన దగ్గు అంత బాగుంటుందని అంతవరకూ ఆయనకు తెలియదు కాబోలు.

అక్కణ్ణించి చెక్కపెట్టెలో బొంబాయి వచ్చాను. నన్ను దేశంలోకి రానివ్వడానికి కావలసిన సంతకాలన్నీ పూర్తయ్యేసరికి ఒక వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది. చివరికి హైదరాబాదులో ప్రభుత్వం తరఫున డాక్యుమెంటరీలు తీసే ఒక విభాగానికి చేరాను. అక్కడ నన్ను భుజానికెత్తుకున్నవాడు బొంతు పైడిరాజు, శబ్దం రికార్డు చేసే ఉద్యోగి. బొబ్బిలి పక్క మనిషి. మనుషులతో తక్కువా నాతో ఎక్కువా మాట్లాడేవాడు. పొద్దున్నే నన్ను సంచీలోకి దించుతూ, "పద బాబూ, ఇంకో శంకుస్థాపన" అనేవాడు.

నిజంగానే మా పని అదే. శంకుస్థాపనలూ, ప్రారంభోత్సవాలూ, ఎరువులు వాడే పద్ధతీ, టీకాలు వేయించుకోవలసిన అవసరమూ. నా టేపుల మీద శంకుస్థాపన జరిగిన వంతెనలన్నీ కట్టి ఉంటే ఈ రాష్ట్రంలో కాళ్ళు తడవకుండా ఎక్కడికైనా పోయిరావచ్చు. ఉపన్యాసాలు వినివిని నాకొక సంగతి అర్థమైంది. ఎక్కువగా మాట్లాడేవాళ్ళు మైకుకు దగ్గరగా జరుగుతారు, నిజం చెప్పబోయేవాళ్ళు కాస్త వెనక్కి తగ్గుతారు.

ఆ రోజుల్లోనే ఊళ్ళలోకి టీవీలు రావడం మొదలైంది. టీవీలో వేయడానికి వాగ్గేయకారుల మీద, అంటే పాట రాసి స్వరం కూడా తామే కట్టేవాళ్ళ మీద, వరసగా కొన్ని డాక్యుమెంటరీలు తీయాలని మా ఆఫీసులో నిర్ణయించారు. వాళ్ళలో చాలామంది ఎప్పుడో చనిపోయినవాళ్ళు. చనిపోయినవాళ్ళ మీద తీయడం చాలా సుఖం. ఒక పటం, దానికో దండ, అగరుబత్తి పొగ, నదిలో సూర్యోదయం, వెనకాల బరువైన గొంతుతో వ్యాఖ్యానం. ఆ మహానుభావుడు లేచి వచ్చి ఇదేం పని అని అడగడు. ఆ వరసలో బతికున్నవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను ఎవరూ తీసుకోకపోతే, కొత్తగా చేరిన హైమ తీసుకుంది.

హైమ పూనాలో సినిమా చదువుకుని వచ్చిన పిల్ల. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. వేగంగా మాట్లాడేది, మాట మధ్యలో ఆలోచన మారితే వాక్యాన్ని అక్కడే వదిలేసి ఇంకోటి అందుకునేది. ఆమె తీసుకున్న మనిషి పేరు షేక్ లాల్ సాహెబు. అద్దంకి దగ్గర ముక్తేపాలెంలో రామాలయానికి నాదస్వర విద్వాంసుడు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా గుడిలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వాయించేది త్యాగరాయ సంప్రదాయం. అది కాక ఆయన సొంతంగా కృతులు కట్టాడు.

ఆ కృతులు శిష్యులకు తప్ప ఎవరికీ తెలియవు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అందరికీ తెలుసు గానీ అది ఆయనదని తెలియదు. బిలహరి రాగంలో మేలుకొలుపు.

"తెల్లవారె లేవరా రామా,
పల్లె నిన్ను పిలిచెరా."

ఈ పాట పొద్దున్నే గుళ్ళ మైకుల్లో వచ్చేది, పెళ్ళిళ్ళలో మేళంవాళ్ళు వాయించేవాళ్ళు, పేరున్న గాయని ఒకామె రికార్డు కూడా ఇచ్చింది. ఆ రికార్డు మీద కట్టినవారి పేరు ఉండవలసిన చోట 'సంప్రదాయం' అని వేశారు. పాట చివర కవి తన పేరో గుర్తో పెట్టుకుంటాడే, ముద్ర అంటారు, అది ఈ పాటలో లేదు. ముద్ర లేకపోతే పాట అనాథ కింద లెక్క. హైదరాబాదులో లాల్ సాహెబు శిష్యుడొకాయన హైమతో, అది మా గురువుగారి పాటేనమ్మా, ఆయన మాత్రం ఒప్పుకోరు అని చెప్పాడు. ఆ మాటే హైమను పట్టుకుంది.

మా ఆఫీసులో పై అధికారి రెండు షరతులు పెట్టాడు. ఒకటి, మేలుకొలుపు తనదేనని ఆయన కెమెరా ముందు చెప్పాలి. జనానికి తెలిసిన పాట ఒక్కటైనా లేకపోతే ఈ సినిమా ఎవరు చూస్తారు అన్నాడు. రెండు, మత సామరస్యం కనబడాలి. గుడిలోంచి దర్గాకు నడవాలి, దర్గాలోంచి గుడికి నడవాలి, వీలైతే సూర్యాస్తమయం వెనకాల ఉండాలి.

ముక్తేపాలెంలో వ్యాను ఆగగానే నాకు మొదట వినబడింది కోళ్ళు, ఆ వెంటనే ఒక నవ్వు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి నవ్వు, కానీ ఎక్కడా చిరగలేదు. ఊపిరి బలం అది. నాదస్వరం ఊదేవాళ్ళ ఛాతీలో చోటెక్కువ. లాల్ సాహెబు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ముందు మజ్జిగ తాగండి, ఆ తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోండి అన్నాడు. లోపలినుంచి గాజుల చప్పుడు, గ్లాసుల చప్పుడు. ఆయన భార్య ఖాసింబీ. గ్లాసులు తలుపు చాటునుంచే అందించింది గానీ మాటలు చాటున ఉంచుకోలేదు. ఈ ఎండలో ఇంత సామాను మోసుకొచ్చారా, మా సాహెబు మొహానికి ఇంత అవసరమా అంది.

మొదటి రోజు హైమ తాను రాసుకొచ్చిన మొదటి ప్రశ్న అడిగింది. ముస్లిం అయి ఉండి రాముడి గుడిలో నాదస్వరం ఎట్లా వాయిస్తారని.

"ఊపిరితోనమ్మా," అన్నాడు ఆయన.

పైడిరాజు నవ్వు ఆపుకోవడానికి చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేశాడు. హైమ కూడా నవ్వింది గానీ ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. లాల్ సాహెబుకు ఆమెను నొప్పించానేమో అనిపించినట్టుంది, మెత్తగా చెప్పాడు. పేపరువాళ్ళు వచ్చినా రేడియోవాళ్ళు వచ్చినా అదే ప్రశ్న అడుగుతారట. బిలహరిలో ఏం చేశావని ఒక్కరూ అడగలేదట. అడిగితే పొద్దుగూకే దాకా చెబుతానన్నాడు.

రెండో రోజంతా నడక. గుడినుంచి దర్గాకు, దర్గానుంచి గుడికి. కెమెరా ఆయనకు మబ్బు అడ్డం వస్తే మళ్ళీ, మేకలు అడ్డం వస్తే మళ్ళీ. పైడిరాజు నన్ను మోసుకుంటూ పక్కనే నడిచాడు కాబట్టి ఆయన చెప్పుల చప్పుడు నా దగ్గర కావలసినంత ఉంది. ఆయన విసుక్కోలేదు. సాయంత్రం మాత్రం అరుగు మీద కూలబడి, హైమను దగ్గరికి పిలిచి అన్నాడు.

"అమ్మాయ్, పొద్దుటినించీ నన్ను గుడికీ దర్గాకీ మధ్య తిప్పావు. ఆ రెంటికీ మధ్యలో మా ఇల్లుంది. నేనుండేది అక్కడ."

హైమ కాగితాలు మడతపెట్టిన చప్పుడు వినబడింది. తర్వాతి రోజునుంచి ఆమె రాసుకొచ్చిన ప్రశ్నలు అడగలేదు. కెమెరాను ఆయన ఇంట్లోకి తెచ్చింది. నాదస్వరం కొనకు తగిలించి ఊదే రెల్లు పీక ఎలా కత్తిరిస్తారు, గోరువెచ్చటి నీళ్ళలో ఎంతసేపు నానేస్తారు, శిష్యుడు తప్పు వాయిస్తే ఏమంటారు, ఇవి అడిగింది. శిష్యుడు తప్పు వాయిస్తే తిడతారా అంటే, తిట్టను, అదే తప్పు నేనూ వాయించి చూస్తాను, ఒక్కోసారి బాగుంటుంది అన్నాడు. హైమకు పని నచ్చడం మొదలైంది. నాకూ అంతే. శంకుస్థాపనలు తిన్న టేపుకు బిలహరి దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయితే మేలుకొలుపు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఆ పాట మీదేనా అని హైమ అడిగింది. మైకు ముందునుంచి ఆయన కొంచెం వెనక్కి జరిగాడు. గొంతు దూరమైనట్టు వినబడింది నాకు.

"అది నాది కాదమ్మా," అన్నాడు.

తలుపు చాటునుంచి ఖాసింబీ అమాంతం బయటికి వచ్చేసింది. గాజులూ ఆమె కోపమూ కలిసి వచ్చాయి. ఆయనది కాకపోతే ఇంకెవరిది, మా నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఈయనే కట్టాడు, పెళ్ళయిన కొత్తల్లో, నా చెవులతో నేను విన్నాను అని మొదలుపెట్టి, ఆమె తన మనసులో ఇన్నాళ్ళూ ముడిపెట్టుకున్నదంతా విప్పేసింది. ఒంగోలులో ఒక పెద్ద పెళ్ళికి ఈయన మేళం కుదిరిందట. ఆ పెళ్ళిలో ఒక పండితుడు లేచి, ఇంత గొప్ప మేలుకొలుపు కట్టిన మహానుభావుడెవరో లోకానికి తెలియకుండా పోయిందని వాపోయాడట. ఆ మహానుభావుడు నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని ఆ పండితుడి ఎదురుగానే కూర్చుని, ఔనౌనని తలూపాడట. ఇంటికొచ్చాక ఖాసింబీ ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదట.

"పేరు పెట్టుకోవడానికి అంత బద్ధకమేందయ్యా?" అంది ఆమె. "చెప్పు, ఆ పిల్ల ఇంత దూరం వచ్చింది. నాది అని ఒక్క మాట చెబితే నోరరిగిపోద్దా?"

లాల్ సాహెబు నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో ఏదో దాగింది. నాది కాదు అని మళ్ళీ అన్నాడు, అంతకన్న ఏమీ చెప్పలేదు.

హైమ అద్దంకి వెళ్ళి పోస్టాఫీసునుంచి ఆఫీసుకు ట్రంకుకాల్ చేసింది. అధికారి మాట స్పష్టంగా ఉంది. ఆ పాట లేకపోతే సినిమా లేదు, సర్దుకుని వచ్చేయండి, మిగిలిన ఫిల్ముతో దారిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీద ఏదైనా తీసుకురండి. ఆమె తిరిగొచ్చి పైడిరాజుతో చెబుతూంటే విన్నాను. ఆమె మొదటి సినిమా అది. ఏడవలేదు గానీ, వాక్యాలు మధ్యలో వదిలేయడం మానేసి ఒక్కొక్కటీ పూర్తిగా చెప్పింది. ఆమె విషయంలో అది మంచి గుర్తు కాదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కెమెరా, దీపాలు వ్యానులోకి ఎక్కించేశారు. పైడిరాజు మాత్రం నన్ను లోపల వసారాలోనే ఉంచాడు. అతనికి ఇంకో పని మిగిలింది. ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఒకటుంటుంది. సినిమా కూర్చేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీలు వస్తే అక్కడ అతకడానికి అదే గది నిశ్శబ్దం కావాలి. వేరే చోటిది పెడితే చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ సినిమా ఆగిపోయినట్టే అని తెలిసినా పైడిరాజు అలవాటు మానుకోలేదు. కాసేపు ఎవరూ కదలకండి, మాట్లాడకండి అని మీట నొక్కాడు. హైమ నులకమంచం మీద కూర్చుంది. లాల్ సాహెబు గోడకు ఆనుకున్నాడు. నా చక్రాలు తిరగడం మొదలైంది.

ముక్తేపాలెం నిశ్శబ్దం బాగుంటుంది. దూరాన ఎవరిదో మోటారు, చూరు కింద పిచ్చుకలు, గోడమీద తాటాకు విసనకర్ర గాలికి గీరుకోవడం.

ఖాసింబీ అంతవరకూ పెరట్లో బావి దగ్గర ఉంది. పైడిరాజు చెప్పింది ఆమె వినలేదు. వంటింట్లోకి వచ్చి చేట తీసుకుని కూర్చుంది. బియ్యం చెరిగే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకు తోడుగా, పెదవులు కూడా సరిగా విప్పకుండా, ఒక కూనిరాగం.

అది మేలుకొలుపు.

నిశ్శబ్దం పాడైంది కాబట్టి పైడిరాజు మీట మీద చెయ్యి వేయబోయాడు. అతని చేతి గడియారం టిక్కుటిక్కులు నా దగ్గరికి వచ్చి, హఠాత్తుగా ఆగి, దూరమయ్యాయి. లాల్ సాహెబు అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఎవరూ కదలలేదు. నా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ గొంతు తరిఫీదు పొందింది కాదు. కానీ ఎక్కడికి పోవాలో దానికి తెలుసు. పల్లవి ముగించి అనుపల్లవిలోకి పోయింది.

"మల్లెమొగ్గ కనులు తెరిచె,
చల్లకవ్వము సడి చేసెను."

అక్కడ ఒక తమాషా ఉంది. అనుపల్లవి అనగానే పాట పై స్థాయికి ఎగరడం మామూలు. ఈ పాటలో అది ఎగరబోయే ముందు ఒకసారి కిందికి దిగుతుంది, అడుగున ఉన్న స్వరాన్ని ముట్టుకుని అప్పుడు లేస్తుంది. విన్నవాళ్ళంతా మెచ్చుకునే చోటు అదే. ఖాసింబీ ఆ చోట దిగి లేచిన తీరు వింటే, ఆమె దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదని ఎవరికైనా తెలుస్తుంది.

చెరగడం అయింది, పాట ఆగింది. ఆమె చేట దులిపి వసారాలోకి వచ్చి, ఇదేంది, అందరూ ఇట్టా కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు అంది.

లాల్ సాహెబు గొంతు సవరించుకున్నాడు. హైమతో మాట్లాడాడు గానీ చెప్పింది భార్యకే.

మామగారి ఇంట్లో ఉండి నేర్చుకుంటున్న రోజులట అవి. పల్లవి కుదిరింది, అనుపల్లవి రాలేదు. అందరిలాగే పైకి పోతే రాముణ్ణి నిద్ర లేపినట్టు కాక, మంచం మీంచి లాగి పడేసినట్టు ఉందట. రోజుల తరబడి అరుగు మీద కూర్చుని అదే ఊదుతున్నాడు. ఒక పొద్దున ఈయన ఆపిన చోటనుంచి వంటింట్లో కొత్త పెళ్ళికూతురు అందుకుంది. తనకు తెలియకుండానే. కిందికి దిగి, అప్పుడు లేచింది.

"నిద్ర లేచేవాడు ఊరికే లేవడమ్మా," అన్నాడు. "ఒకసారి పక్కకు ఒత్తిగిల్లి లేస్తాడు. ఆ ఒత్తిగిల్లడం నాకు తట్టలా. దీనికి తట్టింది. పాట మొత్తం ఆ చోట నిలబడింది. ముద్ర దగ్గరికొచ్చేసరికి నాకు చెయ్యాడలా. నా పేరు వేసుకుంటే దొంగతనం. దీని పేరు వేస్తానంటే, ఇంటి ఆడపిల్ల గొంతు వీధిలోకి ఎట్టా పోయిందని మా మామగారు నన్ను బతకనీడు. అందుకని వదిలేశా. నాది కాదని నేను అబద్ధం చెప్పలా. నా ఒక్కడిదే కాదు."

చేట నేలమీద పెట్టిన చప్పుడు వినబడింది.

"నాకు గుర్తే లేదు," అంది ఖాసింబీ. ఆమె గొంతు మారిపోయింది. "నువ్వు ఊదేదే నేను అనుకుంటున్నానని అనుకున్నా. మరి ఇన్నేళ్ళూ ఒక్కసారన్నా చెప్పలేదేందయ్యా? నేను నిన్ను అన్ని మాటలన్నా."

"చెబితే ఆపేస్తావని," అన్నాడు లాల్ సాహెబు. "వింటున్నారని తెలిస్తే నువ్వు నోరు మూసుకుంటావు. నేను కట్టిన వాటిల్లో సగం ఆ వంటింట్లోంచే వచ్చాయి."

ఖాసింబీ ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. ఆ రెండూ చప్పుడులో దగ్గర దగ్గరగానే ఉంటాయి. కొంతసేపటికి, అయితే సగం మాటలు వెనక్కి తీసుకుంటాలే అంది. మిగతా సగమో అని ఆయన అడిగాడు. అవి వేరే వాటికి అంది.

హైమ పరుగెత్తి వ్యాను దగ్గరికి పోయింది. కెమెరా మళ్ళీ దింపించింది. కానీ ఆ మాటలు మళ్ళీ చెప్పమని అడగలేదు. అందుకు నేను ఆమెను ఎప్పటికీ మెచ్చుకుంటాను. కెమెరా ఆయన అడిగాడు, ఇంకోసారి చెప్పిస్తే బొమ్మ కూడా ఉంటుంది కదా అని. అక్కర్లేదు, వంటింటి గుమ్మం తీయండి, చేట తీయండి, ఖాళీ అరుగు తీయండి, మాట పైడిరాజు దగ్గర ఉంది అంది. ఎప్పుడూ తలెత్తుకు తిరిగే ఆ కెమెరా ముందు నాకు ఆ ఒక్క రోజు గర్వంగా ఉండింది, దాచుకోవడమెందుకు.

సినిమా పూర్తయ్యాక పై అధికారి చూశాడు. నేను అప్పుడు పక్క గదిలో బీరువాలో ఉన్నాను, గోడ పలచన. పాట సంగతి తేలింది కాబట్టి ఆయనకు సంతోషమే గానీ, గుడికీ దర్గాకీ మధ్య నడక అంతా హైమ కత్తిరించి పారేసింది.

"బాగుంది గానీ, ఇందులో సామరస్యం ఏదమ్మా?" అన్నాడు.

"ఉందండీ," అంది హైమ. "మొగుడూ పెళ్ళాల మధ్య."

ఆయన కాసేపు ఆలోచించి, అది ఇంకా కష్టమైందే అని సంతకం పెట్టేశాడు. ఆ సంతకం చేస్తున్నప్పుడు ఆయన ఇంటి సంగతి గుర్తుకొచ్చి ఉంటుందని పైడిరాజు తర్వాత నాతో అన్నాడు.

టీవీలో వచ్చిన రోజు ముక్తేపాలెం అంతా పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుందట. ఆ సంగతి నేను మరుసటి ఏడు విన్నాను, హైమా పైడిరాజూ వాళ్ళకు ఒక క్యాసెట్టు ఇచ్చి చూసిపోదామని సొంతపనిగా నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు. చివర్లో తెరమీద పేర్లు పడ్డాయి. మేలుకొలుపు, కట్టినవారు: షేక్ లాల్ సాహెబు, ఖాసింబీ. ఎవరో ఆ పేర్లు బిగ్గరగా చదివారట. ఖాసింబీ ముసుగు ముందుకు లాక్కుని, ఈయన పేరుకు ముందు షేక్ అని వేసి నా పేరుకు ముందు వేయలేదేం అని అడిగిందట.

లాల్ సాహెబు మా మీద ఒక ఫిర్యాదు సిద్ధంగా ఉంచుకున్నాడు. మీ మిషను వచ్చి నా వంటిల్లు మూయించింది అన్నాడు. సినిమా వచ్చిన తర్వాత ఖాసింబీ కూనిరాగం పూర్తిగా మానేసిందట. చేటలో చెరుగుతుంది, రోట్లో దంచుతుంది, నోరు మాత్రం విప్పదు. ఆయన అరుగు మీద చెవి వంటింటివైపు పెట్టి కూర్చుంటే, వింటున్నావా అని లోపలినుంచి అడుగుతుందట. ఏడాదిలో సగం అలా ఎండిపోయింది. ఒకనాడు ఆయన కొత్త కృతి మొదలుపెట్టి, చరణం దగ్గర తప్పుదోవ పట్టాడు. కావాలనే పట్టాడో, నిజంగా పట్టాడో ఆయన మాకు చెప్పలేదు. ఖాసింబీ ఓర్చుకోలేక చేట పట్టుకునే అరుగు మీదికి వచ్చి, ఎదురుగా కూర్చుని, అట్టా కాదు అని పాడి చూపించింది. ఆ రోజునుంచి ఆమె స్థానం అరుగు మీదికి మారింది.

"ఇదివరకు లోపలినించి వినబడిన వాటిల్లో నాకు నచ్చినవి తీసుకునేవాణ్ణి," అన్నాడు ఆయన. "ఇప్పుడు నచ్చనివి కూడా తీసుకోవాల్సొస్తోంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న సుఖం నేను మరే గొంతులోనూ వినలేదు.

ఆ రోజు పైడిరాజు మీట నొక్కి నన్ను వాళ్ళ మధ్య పెట్టాడు. వాళ్ళు కొత్త కృతికి ముద్ర వెతుకుతున్నారు. లాల్ అని ఉంటే చాలదని ఆయన, ఖాసిం అని ఉంటే తాళంలో పట్టదని ఆమె. ముందు ఎవరి పేరుండాలని వాదన. ఆమె పేరే ముందు పెట్టమని ఆయన, అట్టా పెడితే పాడేటప్పుడు ఊపిరి తెగుతుంది, నీ పేరు పొట్టిది కాబట్టి ముందుండనీ అని ఆమె. మర్యాద కోసం కాదు, తాళం కోసమేనని రెండుసార్లు చెప్పింది. చివరికి రెండూ కలిపి 'లాల్‌ఖాసిం' అని నిలిపారు. అది చక్కగా కుదిరింది. ఆ తర్వాత కట్టిన పాటలన్నిటికీ అదే ముద్ర.

ఇక నా సంగతి. కొన్నేళ్ళకు అరచేతిలో పట్టే రికార్డర్లు వచ్చాయి. పైడిరాజు రిటైరయ్యే రోజున నా మూత తుడిచి, ఇంక కూర్చో బాబూ అని బీరువాలో పెట్టాడు. పాత సామాను వేలం వేసినప్పుడు ఒక సినిమా కాలేజీవాళ్ళు నన్ను తీసుకుపోయి గాజు అలమరలో నిలబెట్టారు. నా చక్రాలు తిరగవు. నా ముందు నిలబడి పిల్లలు ఫోటోలు దిగుతారు. నేనేం చేసేదాన్నో తెలియకపోయినా నా అందాన్ని మెచ్చుకుంటారు. ఇన్నాళ్ళకు నాకూ ఆ సుఖం దక్కింది. లాల్ సాహెబు, ఆయన వెనక రెండేళ్ళకు ఖాసింబీ, ఇద్దరూ నిండుగా బతికి వెళ్ళిపోయారని హైమ ఇక్కడ పాఠం చెప్పడానికి వచ్చినప్పుడు విన్నాను. వాళ్ళ పాటలు ఇప్పుడు సభల్లో పాడుతున్నారట.

మొన్న ఒక టీవీ బృందం వచ్చింది. మరుగునపడ్డ వాగ్గేయకారుల మీద కొత్త కార్యక్రమమట. నన్ను అలమరలోంచి తీసి, దుమ్ము దులిపి, దీపం ముందు పెట్టారు. కుర్ర యాంకరు ఒకతను నాకు బాగా దగ్గరగా నిలబడి, గొంతు బరువు చేసుకుని మొదలుపెట్టాడు.

"ప్రకాశం జిల్లాలో పుట్టి, బిలహరిని తన ఇంటి రాగం చేసుకున్న ఒక మహానుభావుడి గొంతు ఈ యంత్రం విన్నది. ఆ మహానుభావుడి పేరు లాల్ ఖాసిం."

నేను ఉలిక్కిపడ్డాను. నాకు నోరుంటే చెప్పేదాన్ని, నాయనా, మహానుభావుడు ఒకరు కాదు, ఇద్దరు, వాళ్ళలో ఒకావిడ ఈ మాట వింటే చేట పట్టుకుని వచ్చేదని. అతను మాత్రం ఆ ఒక్క మనిషి ఎంత సాధన చేశాడో, ఎంత ఒంటరిగా బతికాడో, పూసగుచ్చినట్టు చెప్పుకుపోయాడు. కెమెరా ఆయన బాగుందన్నాడు. దీపాలు ఆర్పి, నన్ను మళ్ళీ అలమరలో పెట్టి, గాజు తలుపు మూసి వెళ్ళిపోయారు.

ముందు నాకు కోపం వచ్చిన మాట నిజం. తర్వాత, చేసే పనేమీ లేదు కాబట్టి, తీరిగ్గా ఆలోచించాను. అరుగు మీద వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని విన్న ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ మళ్ళీ మనసులో తిప్పుకున్నాను. ఆయన మొదలుపెట్టిన వాక్యాన్ని ఆమె ముగించడం, ఆమె ఆపిన స్వరాన్ని ఆయన అందుకోవడం. ఎక్కడ ఒకరు అయిపోయి ఎక్కడ రెండోవారు మొదలవుతున్నారో, ఇన్నేళ్ళు చెవి ఒక్కటే ఆధారంగా బతికిన నాకు కూడా చాలాచోట్ల తెలియలేదు. ఆ కుర్రవాడిని నేను క్షమించేశాను.